లినక్స్‌లో మోడెమ్ పనిచేయదని తేల్చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ కంప్యూటర్ పేజీలో తెనాలి పాఠకుడొకరు అడిగిన ప్రశ్న చూశాను. ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నారట, లోపలున్న మోడెమ్‌తో డయలప్, అంటే ఫోను లైను మీద ఇంటర్నెట్, రావడం లేదట, దారేమిటని అడిగారు. మీ పేజీ రెండు ముక్కల్లో తేల్చేసింది: "లినక్స్‌లో ల్యాప్‌టాప్ మోడెములు పనిచేయవు. విండోస్ వేసుకోండి, లేదా బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోండి." ఈ జవాబు సరైంది కాదు. పనిచేసేవి చాలా ఉన్నాయి. పనిచేయని వాటికి కారణమేమిటో చెప్పకుండా వదిలేస్తే నింద లినక్స్ మీదికో, డబ్బు పోసి కొనుక్కున్న మనిషి మీదికో పోతుంది. అడగాల్సిన వాళ్లను అడిగేవాళ్లు ఉండరు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజుల్లో స్ట్రోజర్ అనే పాత యాంత్రిక ఎక్స్ఛేంజీలు ఉండేవి. హాల్లో అడుగుపెడితే లైన్లు కలిపే సెలెక్టర్ల టకటకల్లో పక్క మనిషి మాట వినపడేది కాదు. తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలొచ్చాయి, పల్లెలకు సీ-డాట్ అనే ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ వారి 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీలొచ్చాయి. ఏసీ గది అక్కర్లేకుండా ఊరి ఎండకు, దుమ్ముకు తట్టుకుని నిలబడ్డ యంత్రాలవి. ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒకటుంది. లైనుకు పరికరం ఎవరు చేశారన్నది పట్టదు. రెండు రాగి తీగల మీద 48 వోల్టుల డీసీ వస్తుంది. రిసీవర్ ఎత్తితే లూపు పడుతుంది, అంటే తీగల్లో కరెంటు పారుతుంది, టోన్ వస్తుంది. గంట కొట్టాలంటే ఏసీ పంపుతాం. ఈ లెక్కలన్నీ అచ్చయి ఉన్నవే, ఎవరైనా చదువుకోవచ్చు. అందుకే బెంగుళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) నల్లఫోను తగిలించినా, బజార్లో కొన్న పుష్‌బటన్ ఫోను తగిలించినా, ఎవరో సింగపూర్ నుంచి తెచ్చిచ్చిన కార్డ్‌లెస్ తగిలించినా అదే లైను మీద మోగుతుంది.

మోడెమ్ కూడా ఇలాగే ఉండాలి, ఒకప్పుడు ఉండేది కూడా. కంప్యూటర్ అంకెల్ని ఫోను లైను మోయగలిగిన శబ్దంగా, అంటే సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ లోపల పట్టే శబ్దంగా మార్చి పంపడం, అవతలి నుంచి వచ్చిన శబ్దాన్ని మళ్లీ అంకెలుగా విప్పడం దాని పని. 1981లో హేస్ కంపెనీ తన స్మార్ట్‌మోడెమ్‌తో తెచ్చిన, మోడెమ్‌కు పని చెప్పే ఏటీ ఆజ్ఞలే ఇవాళ్టికీ నడుస్తున్నాయి. ఏటీడీటీ అని నంబరు ఇస్తే టోన్‌తో డయల్ చేస్తుంది, ఏటీడీపీ అంటే పాత పల్స్ పద్ధతిలో చేస్తుంది, ఏటీహెచ్ అంటే పెట్టేస్తుంది. లైను మీద రెండు మోడెములు మాట్లాడుకునే వీ.34, వీ.90 లాంటి పద్ధతులు ఐటీయూ అనే అంతర్జాతీయ టెలికం సంస్థ అచ్చువేసిన ప్రమాణాలు. 9 పిన్నుల సీరియల్ కేబుల్‌తో బయట తగిలించే మోడెమ్ తెచ్చి లినక్స్‌కు పెట్టి చూడండి. డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) అన్న మాటే రాదు.

మరి ల్యాప్‌టాప్ దగ్గర తేడా ఎందుకొచ్చింది? బయటి మోడెమ్‌లో సొంత ప్రాసెసర్ ఉంటుంది. శబ్దాన్ని అంకెలు చేసే లెక్కలన్నీ డబ్బాలోనే జరుగుతాయి. ల్యాప్‌టాప్‌లో చోటు తక్కువ, పైగా ప్రతి చిప్పుకూ ఖర్చు. అందుకని ఆ లెక్కలు చేసే చిప్పును తీసేశారు. లైనుకు అతుక్కునే చిన్న కార్డు ఒక్కటే మిగిలింది. అసలు పనంతా ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రాముకు అప్పజెప్పారు. ఖర్చు తగ్గించుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ ప్రోగ్రామును విండోస్‌కు మాత్రమే రాసి, లోపలి సంగతులు బయటపెట్టకుండా దాచుకోవడమే తప్పు. వీటికి విన్‌మోడెములన్న పేరు అలాగే వచ్చింది. తిరగలి మనకమ్మి పిడి వాళ్ల దగ్గరే ఉంచుకుంటే పిండి ఎలా వస్తుంది?

ఇక చేసి చూసిన సంగతి చెబుతాను. మా మేనల్లుడు ప్రత్తిపాడు మండలంలో ఒక పల్లె బడిలో టీచరు. విజయవాడలో పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. దాంతో విండోస్ లైసెన్సు రాలేదు. దొంగ కాపీ వేసుకోవడం ఇష్టం లేక ఉబుంటు అనే రకం లినక్స్ ఇచ్చే వాళ్లకు రాశాడు. ఆ సీడీలు డబ్బు అడక్కుండా పోస్టులో ఇంటికొచ్చాయి. వేసుకున్నాడు, తెర, శబ్దం, కీబోర్డు అన్నీ బాగున్నాయి. మోడెమ్ ఒక్కటే లేదంది. అమ్మిన షాపతన్ని అడిగితే "అది విండోస్ మోడెమ్ సార్, లినక్స్‌కి రాదు" అన్నాడట. అప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికొచ్చాడు.

ముందు మోడెమ్ ఎవరిదో తెలుసుకోవాలి. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని కొడితే లోపలున్న పరికరాల పట్టీ వస్తుంది. అందులో మోడెమ్ అన్న చోట ఇంటెల్ 82801డీబీ ఏసీ'97 మోడెమ్ కంట్రోలర్ అని కనిపించింది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, ఇంటెల్ డ్రైవర్ కోసం వెతుకుతారు. ఇంటెల్ చిప్పు ఇక్కడ దారి మాత్రమే. ఆ దారి చివర, ఫోను పిన్ను గుచ్చే చోట, చిన్న కార్డు మీద ఇంకో కంపెనీ చిప్పు కూర్చుని ఉంటుంది. ఏ డ్రైవర్ కావాలో దాన్ని బట్టి ఉంటుంది. దాని పేరు లినక్సే చెబుతుంది. సౌండు కార్డుల వివరాలుండే ప్రాక్ అసౌండ్ డైరెక్టరీలో మోడెమ్ కోడెక్ ఫైలు తెరిస్తే సిలికాన్ ల్యాబొరేటరీ, ఎస్ఐ3036/8 అని ఉంది. ఇదంతా చూడలేని వాళ్ల కోసం లిన్‌మోడెమ్స్ బృందం వాళ్లు స్కాన్‌మోడెమ్ అనే చిన్న ప్రోగ్రాం ఉచితంగా ఇచ్చారు. అది నడిపితే చిప్పు ఫలానాది, డ్రైవర్ ఫలానాది అని కాగితం రాసినట్టు రాసి ఇస్తుంది.

ఎస్ఐ3036/8కు స్మార్ట్‌లింక్ కంపెనీ వాళ్ల ఎస్ఎల్‌మోడెమ్ పనికొస్తుంది. ఇంటర్నెట్ లేని మిషన్‌కు ఇంటర్నెట్ నుంచి డ్రైవర్ తేవాలి కదా, అదొక చిక్కు. అరండల్‌పేటలో నెట్ సెంటర్‌కు వెళ్లి ఎస్ఎల్-మోడెమ్-డీమన్ ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చాం. లైను దాకా దారి చూపే ప్రోగ్రాం ముక్క, ఎస్ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం, లినక్స్ మూల ప్రోగ్రామైన కెర్నెల్ 2.6లో ముందే ఉంది. ఎస్ఎల్‌మోడెమ్‌డీని ఆల్సా (లినక్స్ శబ్ద వ్యవస్థ) పద్ధతిలో నడిపితే డెవ్ డైరెక్టరీలో టీటీవైఎస్ఎల్0 అనే పేరు పుట్టింది. ఇక మిగతా ప్రోగ్రాములకు సంబంధించినంత వరకు అదే మోడెమ్. డయల్ చేయడానికి డబ్ల్యూవీడయల్ అనే ప్రోగ్రాం వాడాం. దాని సెట్టింగుల ఫైల్లో మోడెమ్ పేరు, ఫోను నంబరు, యూజర్ పేరు, పాస్‌వర్డు మన చేత్తో రాసుకుంటే చాలు.

డయల్ కొడితే "నో డయల్‌టోన్" అంది. మా వాడి ముఖం వాడిపోయింది. నేను పక్కనే ఉన్న ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. టోన్ శుభ్రంగా ఉంది. లైను బాగుంది, మోడెమ్ బాగుంది, అయినా టోన్ లేదంటోంది. టెలిఫోన్ పనిలో ఉన్నవాడికి ఇక్కడ వెంటనే తట్టే సంగతొకటి ఉంది. అమెరికా డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్‌లు రెండూ కలిసిన శబ్దం. మనది 400 హెర్ట్జ్ శబ్దాన్ని 25 హెర్ట్జ్‌తో కలిపింది, అందుకే చెవికి కొంచెం గరగరగా ఉంటుంది. ఆ దేశపు టోన్ కోసం కాచుకున్న మోడెమ్‌కు మన టోన్ వినిపించినా అది టోనని తెలియదు. ప్రోగ్రాముకు దేశం పేరు చెప్పే వీలుంది. అంతకన్నా తేలిక, సెట్టింగులో ఏటీఎక్స్3 అని చేర్చడం. టోన్ కోసం చూడకుండా డయల్ చేయి, అవతల ఎంగేజ్ ఉంటే మాత్రం చెప్పు, అని దాని అర్థం. అది చేర్చగానే డయల్ అయింది. అవతలి మోడెమ్ ఎత్తి కూత పెట్టింది, మనది బదులు పలికింది, ఆ బరబర శబ్దం సాగి సాగి ఆగింది.

తర్వాత ఇంకో అడ్డం. కలిసిన లైను వెంటనే తెగినట్టు డబ్ల్యూవీడయల్ చెప్పింది. నిజం మోడెమ్‌లో అవతలి మోడెమ్ లైను మీద ఉందని చెప్పడానికి సీరియల్ కేబుల్‌లో ప్రత్యేకంగా ఒక పిన్ను ఉంటుంది. ఈ ప్రోగ్రాం మోడెమ్‌కు కేబులూ లేదు, పిన్నూ లేదు. కాబట్టి సెట్టింగులో క్యారియర్ చెక్ అన్నచోట నో అని పెట్టాలి. పెట్టాం. ఈసారి పాస్‌వర్డు వెళ్లింది, ఐపీ చిరునామా వచ్చింది, డీఎన్ఎస్ చిరునామాలు వచ్చాయి. మా వాడు మొదట తెరిచింది పంటల మార్కెట్ ధరలు చూపే ఆగ్‌మార్క్‌నెట్, గుంటూరు యార్డులో మిర్చి ధర కోసం. వాళ్ల నాన్న మిర్చి వేశాడు మరి. ఆ ధర అంకె తెర మీద నింపాదిగా ఒక్కో వరుసా దిగుతుంటే వాడు కుర్చీ అంచుకొచ్చి కూర్చున్నాడు.

తెనాలి పాఠకుడికి నేను చెప్పేదీ ఇదే. చిప్పు పేరు ముందు కనుక్కోండి. సిలికాన్ ల్యాబ్స్ అయితే పైన చెప్పింది చాలు. లూసెంట్, అంటే తర్వాత అగేర్ పేరుతో వచ్చిన చిప్పు పాత రకాలకు ఎల్‌టీమోడెమ్ అనే డ్రైవర్ వచ్చింది. కొనెక్సాంట్ అయితే లినక్సాంట్ అనే సంస్థ డ్రైవర్ తెచ్చింది, కాకపోతే ఉచితంగా ఇచ్చింది సెకనుకు 14.4 కిలోబిట్లకే పరిమితం, పూర్తి వేగానికి లైసెన్సు అమ్మింది. చిప్పు ఏదైనా లొంగకపోతే బయటి సీరియల్ మోడెమ్ తీసుకోండి. సీరియల్ పోర్టు లేని ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ మోడెమ్ తీసుకునే ముందు షాపులోనే లినక్స్‌తో పెట్టి చూడండి. వాటిలోనూ చిప్పు తీసేసిన రకాలున్నాయి. సరైనదైతే టీటీవైఏసీఎం0 అన్న పేరుతో తనంతట తానే కనబడుతుంది.

లైను సంగతి కూడా చెప్పాలి. కంప్యూటర్ తెలిసినవాళ్లు లైనును పట్టించుకోరు, లైను తెలిసినవాళ్లను కంప్యూటర్ వాళ్లు అడగరు. మోడెమ్ తరచూ తెగిపోతుంటే సాఫ్ట్‌వేర్ మార్చే ముందు ఫోను ఎత్తి ఒక్క అంకె నొక్కండి. టోన్ ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో చెవిపెట్టి వినండి. బుస్సుమన్నా, కరకరమన్నా, కరెంటు రొద వినపడినా లైన్‌మ్యాన్‌కు చెప్పాలి. వానలు పడ్డాక జాయింట్లలో నీళ్లు చేరితే, ఇళ్లకు తీగలు చీలే డీపీ బాక్సులో స్క్రూలు చిలుము పడితే ఈ రొద వస్తుంది. మాటలకు అది అడ్డం కాదు, మనిషి చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోలేదు. ఇంట్లో పక్కగదికి పారలల్ ఫోను లాగి ఉంటే అది తీసేసి చూడండి. పల్లెల్లో 56కే, అంటే సెకనుకు 56 కిలోబిట్ల వేగం, కోసం పట్టుబట్టొద్దు. ఆ వేగానికి ఇంటర్నెట్ కంపెనీ నుంచి మీ ఎక్స్ఛేంజీ దాకా దారంతా డిజిటల్‌గా ఉండాలి, మధ్యలో ఒక్కచోట అనలాగ్ అయినా అందదు. 33.6 నిలకడగా వస్తే అదే మేలు. ఉరుములప్పుడు పిన్ను లాగేయండి. ఎక్స్ఛేంజీ వైపు, బయటి తీగలన్నీ చేరే ఎండీఎఫ్ చట్రంలో రక్షణకు గొట్టాలుంటాయి, మీ ల్యాప్‌టాప్‌కు లేవు. ఆఫీసుల్లో డిజిటల్ పీబీఎక్స్ (ఆఫీసు సొంత ఎక్స్ఛేంజీ) ఎక్స్‌టెన్షన్‌కు మాత్రం తగిలించనే తగిలించకండి, మోడెమ్ కాలిపోవచ్చు.

బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోమన్నారు. బీఎస్ఎన్ఎల్ వారి బ్రాడ్‌బ్యాండ్, డేటావన్, మొదలైంది 2005 జనవరిలో. అది మంచిదే, రావాలి. కానీ దానికి ఎక్స్ఛేంజీలో వేరే పరికరాలు బిగించాలి, రాగి తీగ పొడవు కొద్ది కిలోమీటర్లు దాటితే సిగ్నల్ నిలవదు. మా మేనల్లుడి ఊళ్లో ఫోను ఉంది, బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఇలాంటి ఊళ్లు మన జిల్లాలో ఎన్నో. ఈ 2006లో వాళ్లకు ఉన్న దారి డయలప్ ఒక్కటే. విండోస్ కొనుక్కోమనడం కూడా పల్లె టీచరు జీతానికి చిన్న మాట కాదు. పాత ల్యాప్‌టాప్, ఉచిత లినక్స్, ఉన్న ఫోను లైను, ఈ మూడూ కలిస్తే బడిలో పిల్లలకు ఇంటర్నెట్ చూపించవచ్చు. ఆ మూడింటి మధ్య అడ్డుపడేది గోరంత చిప్పు తాలూకు దాచిపెట్టిన సమాచారం.

దాచుకోవడానికి కంపెనీలు చెప్పే కారణాలు నేనూ చదివాను. పేటెంట్లంటారు. ఇష్టమొచ్చినట్టు ప్రోగ్రాములు రాస్తే టెలిఫోన్ లైనుకు హాని అంటారు. మొదటిది లాయర్ల సంగతి. రెండోది మాత్రం నాకు తెలిసిన సంగతే. లైనును, కంప్యూటర్‌ను విడదీసి కాపాడే భాగం ఆ చిన్న కార్డు మీదే సిలికాన్‌లో ఉంది. ప్రోగ్రాం ఎవరు రాసినా ఆ గోడ అక్కడే ఉంటుంది. ఇక ఇవ్వాలనుకున్న వాళ్లు ఇచ్చి చూపించారు. థింక్‌ప్యాడ్ 600లో ఉన్న ఎంవేవ్ మోడెమ్‌కు లినక్స్ డ్రైవర్‌ను ఐబీఎం వాళ్లే సోర్సుతో (ప్రోగ్రాం అసలు రాతతో) సహా ఇచ్చారు, అది కెర్నెల్‌లో చేరింది. వాళ్ల లైనూ చెడలేదు, వ్యాపారమూ చెడలేదు. మాకు పనికొచ్చిన ఎస్ఎల్‌మోడెమ్ విషయానికొస్తే, అందులో ముఖ్యమైన లెక్కల భాగం మూసిన పెట్టెలాగే వస్తుంది, సోర్సు లేదు. మాకు నడిచింది. ఆ కంపెనీ ఆసక్తి పోయిన రోజున దాన్ని బాగుచేసే హక్కు ఎవరికీ ఉండదు. అది నాకు నిజంగా దిగులు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏ ఎక్స్ఛేంజీ బిగించినా సర్క్యూట్ బొమ్మలు మా చేతికొచ్చేవి. రాత్రిపూట లైన్లు పడిపోతే ఆ బొమ్మల్ని నేలమీద పరుచుకుని వేలుపెట్టి వెతుక్కునేవాళ్లం. అలా ఒక్కో తీగా పట్టుకుని నేర్చుకున్న పని మాది. మా మేనల్లుడి బడిలో పిల్లలు రేపు ఈ పని నేర్చుకోవాలంటే వాళ్లకూ ఆ బొమ్మలు కావాలి. మూసిన పెట్టె ముందు కూర్చోబెడితే బటన్ నొక్కడం తప్ప ఏం నేర్చుకుంటారు?

మీ పత్రికను కోరేది, ఆ జవాబును సరిచేయండి. వీలుంటే ఏ చిప్పుకు ఏ డ్రైవరో ఒక పట్టీ మీ పేజీలో వేయండి. తెలుగులో అలాంటిది లేక గుంటూరు, తెనాలి, నరసరావుపేట కుర్రాళ్లు షాపువాళ్ల మాటే నమ్ముకుంటున్నారు. విజయవాడ, గుంటూరు షాపుల వాళ్లు ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు "56కే మోడెమ్ ఉంది" అని రాసే చోటనే అది ఏ చిప్పో, ప్రాసెసర్ మీద ఆధారపడేదో కాదో రాయాలి. బిల్లు మీద ఒక్క వరుస చాలు. ప్రభుత్వ బడులకు, మండలాఫీసులకు కంప్యూటర్లు కొనే అధికారులు టెండర్ కాగితంలో ఒక షరతు పెట్టాలి: మోడెమ్ లినక్స్‌లో కూడా మన ఫోను లైను మీద, మన డయల్ టోన్ మీద కనెక్టయి చూపించాకే బిల్లు చెల్లిస్తాం అని. వేలల్లో కొనే గిరాకీ అలా అడిగితే కాదనే కంపెనీ ఉండదు, చేతిలో ఉన్న డ్రైవర్ బయటికొస్తుంది. ఈ మాట ఒక్క పాఠకుడు అడిగితే వినరు, పత్రిక అడిగితే వింటారు.

ఇట్లు,
టెలిఫోన్ శాఖ విశ్రాంత ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు.